కరాటే సార్ మీద నా కుళ్లు

తప్పు నాదే. ఆ సినిమా పెట్టింది నేనే.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోడికూరతో అన్నం తిని, ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. నేను, నా భార్య, అప్పటికి పదకొండేళ్లు నిండిన మా అమ్మాయి. ఎదిగే పిల్లను పక్కన పెట్టుకుని చూడదగ్గ సినిమా దొరకడం ఈ రోజుల్లో ఎంత కష్టమో పిల్లలున్న వాళ్లకు చెప్పక్కర్లేదు. ఎక్కడ ఏ సీను వస్తుందోనని రిమోట్ మీద వేలు పెట్టుకునే కూర్చోవాలి. అలా వెతుకుతుంటే నా చిన్నప్పటి కరాటే సినిమా ఒకటి కనబడింది. పాటల్లేవు, బూతుల్లేవు, రక్తం కూడా పెదవి దగ్గర ఒక చుక్క. ఇక ఆలోచించకుండా పెట్టేశాను.

కథ అందరికీ తెలిసిన రకమే. ఒక బక్క కుర్రాడు కొత్త ఊరికి వస్తాడు. అక్కడి బలిసిన పిల్లలు వాణ్ని రోజూ తంతుంటారు. పక్కింట్లో ఎవరూ లెక్కచేయని ముసలాయన ఒకడుంటాడు. కరాటే నేర్పుతానని చెప్పి ఆయన వాడితో నెలల తరబడి గిన్నెలు తోమిస్తాడు, కట్టెలు మోయిస్తాడు, నీళ్లు తోడిస్తాడు. నేర్చుకోవాల్సిన దెబ్బలన్నీ ఆ పనుల్లోనే ఉన్నాయని వాడికి చివర్లో తెలుస్తుంది. పోటీలో బక్కోడు గెలుస్తాడు, ముసలాయన కళ్లు తుడుచుకుంటాడు.

మా అమ్మాయి వయసులో నేను దాన్ని జహీరాబాద్ వీడియో హాల్లో హిందీలో చూశాను. ఇంటికొచ్చి చేన్లో నిలబడి ఉన్న చెరుకును కాళ్లతో తన్ని పడగొట్టాను. విరిగిన గడ తీసుకుని మా నాయన నన్ను కొట్టాడు. నా కరాటే అంతటితో సరి. కానీ ఆ సినిమా మాత్రం నాదే అన్నట్టు ఇన్నేళ్లూ లోపల దాచుకున్నాను. ఆ రోజు మా అమ్మాయికి దాన్ని చూపిస్తుంటే నా సొత్తేదో ఆమె చేతికిస్తున్నట్టే అనిపించింది. సినిమా అంతా పక్కన కూర్చుని వ్యాఖ్యానం చెప్పాను. ఆ ముసలాయన ఎందుకలా చేయిస్తున్నాడో, ఇప్పుడు ఏం జరుగుతుందో, నువ్వు చూస్తుండు. బక్కోడు గెలిచినప్పుడు ఆమె సోఫా మీద నిలబడి అరిచింది. నాకు కళ్లు చెమర్చాయి. అది చూసి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ పూట నా అంత గొప్పవాడు లేడు.

మర్నాడు పొద్దున నేను ఫ్యాక్టరీకి బయల్దేరుతుంటే అడిగింది.

"డాడీ, నాకు గూడ కరాటే నేర్పిస్తవా?"

"నాకు రాదు బిడ్డా."

"మరి నిన్న గన్ని ముచ్చట్లు జెప్తివి?"

ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో గేర్‌బాక్సులు బిగించేవాణ్ని. నాకు తెలిసిన పని అదొక్కటే. నాలుగు రోజులు వాకబు చేసి, నేనే బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి, నా చేతులతో ఆమెను ఒక కరాటే సార్‌కు అప్పగించి వచ్చాను.

ఆ సార్‌కు హైవే పక్కన మోటార్ వైండింగ్ షాపు. చుట్టుపక్కల బోర్లలో కాలిపోయిన మోటార్లన్నీ ఆయన గుమ్మం ముందే పడి ఉంటాయి. మనిషి నా భుజం దాకా వస్తాడు. యాభై దాటాయి. అసలు ఊరు బీదర్ వైపు, పెళ్లి చేసుకుని ఇటొచ్చి స్థిరపడ్డాడు. సాయంత్రం షాపు షట్టర్ దించి, చేతులకంటిన వార్నిష్ కిరోసిన్‌తో కడుక్కుని, ఒక ఫంక్షన్ హాల్ వెనక రేకుల షెడ్డులో పిల్లలకు కరాటే నేర్పుతాడు. మొదటిరోజు ఆయన్ని చూసి నేను నిశ్చింతగా తిరిగొచ్చాను. ఈయన దగ్గర ఏం నేర్చుకుంటుందిలే, రెండు నెలల్లో తనే మానేస్తుంది అనుకున్నాను.

మానలేదు. ఆ రెండు నెలల్లో నా ఇల్లే మారిపోయింది.

మొదట పాల గ్లాసు. నాలుగేళ్లుగా ఆ గ్లాసు పట్టుకుని ఆమె వెనక ఇల్లంతా తిరిగినవాణ్ని నేను. బతిమాలాను, భయపెట్టాను, చాక్లెట్ పొడి కలిపాను. ఒక పొద్దున చూస్తే తనే వంటింట్లోకి వెళ్లి గ్లాసు ఎత్తి గటగటా తాగేసి మూతి తుడుచుకుంది. ఏమైందని అడిగితే "సార్ చెప్పిండు" అంది. తర్వాత చెప్పులు. గుమ్మం దగ్గర మా ముగ్గురి చెప్పులూ మూతులు బయటికి పెట్టి వరసగా సర్దడం మొదలుపెట్టింది. సార్ చెప్పిండు. తిన్న కంచం తనే కడిగింది. సార్ చెప్పిండు. పొద్దున ఐదున్నరకు అలారం లేకుండా లేచింది. మళ్లీ సారే. నేను ఈ మాటలే మాటలుగా చెప్పాను, అరుపులుగా చెప్పాను, ఒకసారి చెంప మీద కూడా చెప్పాను. అవేవీ ఆమె చెవిలోకి పోలేదు. ఆయన ఒక్కసారి చెప్తే చాలు.

నా బాధ నా భార్యకు అర్థం కాలేదు. "ఎవరు జెప్తె ఏంది, తాగుతున్నది గద" అంది. మంచి మాటే. కానీ నాకు అది కారం రాసినట్టే ఉంది.

అన్నిటికంటే ఎక్కువ నన్ను కాల్చింది బండి మీది దండం. రోజూ ఆమెను స్కూల్లో దింపడానికి హైవే మీదుగా వెళ్లాలి. ఆయన షాపు ముందు నుంచి పోతున్నప్పుడు వెనక కూర్చున్న పిల్ల రెండు చేతులూ తొడలకు ఆనించి నడుం వంచి దండం పెట్టేది. బండి ఒక పక్కకు ఊగేది. వెనక లారీ వాడు హారన్ కొట్టేవాడు. "పడ్తవ్, సక్కగ కూసో" అని కసిరితే, "సార్‌ను జూస్తె వంగాలె డాడీ, మర్యాద" అనేది. ఆయన ఏ మోటారులోనో తల దూర్చి ఉండేవాడు, ఒక్కోసారి చూసేవాడు కూడా కాదు. అయినా వంగేది. ఇంత దూరం పెట్రోలు పోసి మోసుకొచ్చినవాడి వీపు మాత్రం ఆమెకు కనబడేది కాదు.

ఒకరోజు ఫస్ట్ షిఫ్ట్ ముగించుకుని, చెప్పాపెట్టకుండా షెడ్డు దగ్గరికి వెళ్లాను. ఏదో ఒక తప్పు దొరుకుతుందని ఆశ. దొరికింది కూడా. పిల్లలు చీపుర్లు పట్టుకుని నేల ఊడుస్తున్నారు. మా అమ్మాయి తడిగుడ్డతో కిటికీ కడ్డీలు తుడుస్తోంది. ఓహో, ఈయన కూడా ఆ సినిమా చూశాడన్నమాట, అమాయకుల పిల్లలతో వెట్టి చేయించి దానికి విద్య అని పేరు పెడుతున్నాడన్నమాట అనుకున్నాను. నేరుగా వెళ్లి అడిగాను.

"ఏం సార్, పిల్లలతోని ఊడిపిస్తున్నరు? గిండ్ల గూడ దెబ్బలున్నయా?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. "దెబ్బలేంది అన్నా? ఊడ్వకపోతె కాళ్లకు కంకర గుచ్చుకుంటది. చెప్పుల్లేకుండ దుంకుతరు గద."

నా వెనక ఎవరో తల్లి నవ్వింది. నేను ఊరికే అడిగానని చెప్పి బయటికొచ్చేశాను. ఇంటికొచ్చేదాకా ముఖం మండుతూనే ఉంది.

అప్పుడే నాకు ఒక తెలివిమాలిన ఆలోచన వచ్చింది. సినిమా నాది. ముసలాయన చేసిన కిటుకు నాకు తెలుసు. సార్‌కే తెలియదు. అలాంటప్పుడు ఆ ముసలాయన నేనే ఎందుకు కాకూడదు?

వేసవి సెలవులొచ్చాయి. మొగుడంపల్లి వైపు ఊళ్లో మా అమ్మ దగ్గర అరెకరం అల్లం ఉంది. నాటే ముందు విత్తనపు అల్లం విరవాలి. చూడ్డానికి తేలికైన పనే గానీ అందరికీ రాదు. దుంప చేతిలోకి తీసుకుని తిప్పి చూడాలి. మొలక వచ్చే కన్ను ఎక్కడుందో, దుంప ఎక్కడ సన్నబడిందో పసిగట్టి, సరిగ్గా ఆ మెడ దగ్గరే విరవాలి. ప్రతి ముక్కకూ రెండు కళ్లుండాలి. కన్ను మీద విరిస్తే ఆ ముక్క మట్టిలో కుళ్లిపోతుంది. మా అమ్మ కత్తి ముట్టనివ్వదు. నాకు ఆమె నేర్పింది. నేను మా అమ్మాయిని గుట్ట ముందు కూర్చోబెట్టి, గొంతు తగ్గించి చెప్పాను.

"ఇది అల్లం ఇరుసుడు అనుకోకు. గిండ్ల ఒక దెబ్బ ఉన్నది. అన్నీ ఇరిసినంక చెప్తా."

ఆమె కళ్లు మెరిశాయి. సినిమా ఆమె కూడా చూసింది కదా. నాలుగు రోజులు కూర్చుంది. పచ్చి అల్లం ఘాటుకు వేళ్లు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని మళ్లీ కూర్చుంది. మొదటిరోజు సగం ముక్కలు పాడుచేసింది. మూడోరోజుకు మా అమ్మతో సమానంగా విరిచేసింది. నేను వెనక చేతులు కట్టుకుని అటూ ఇటూ నడుస్తూ, అప్పుడప్పుడు "ఊఁ" అంటూ ఉన్నాను. నా జీవితంలో అంత సంతోషంగా గడిచిన నాలుగు రోజులు చాలా తక్కువ.

ఐదోరోజు పొద్దున గుట్ట అయిపోయింది. లేచి, చేతులు కడుక్కుని, నా ముందు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది.

"ఇగ చెప్పు డాడీ. దెబ్బ ఏడున్నది?"

నాలుగు రోజుల్లో నేను దాని గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఏదో ఒకటి తోస్తుందిలే అనుకున్నాను. గాల్లో చెయ్యి తిప్పాను. "గిట్ల... ఎదుటోని చెయ్యి వట్టుకోని... గిట్ల మెలేసి..." అంటూ నా మణికట్టు నేనే పట్టుకున్నాను. ఆమె ఓపికగా చూసింది. ఇంకా ఏమైనా వస్తుందేమోనని ఆగింది కూడా.

"నీకు తెల్వది గద డాడీ" అంది చివరికి. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

గడపలో కూర్చున్న మా అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "పోనీ తియ్‌రా, నాకు ఇద్దరు కూలోళ్ల పని తప్పింది" అంది.

అక్కడితో అయిపోలేదు. సోమవారం క్లాసులో సార్ ఆమె వేళ్లు చూశాడు. ఎందుకు పొట్టు లేచాయని అడిగాడు. నేను షెడ్డు గేటు దగ్గర బండి మీద కూర్చుని వింటున్నాను. ఆమె అల్లం సంగతి చెప్పింది. ఎలా విరుస్తావో చూపించమన్నాడు. అల్లం లేదు కాబట్టి గాల్లోనే చూపించింది, తిప్పి, చూసి, విరిచి. ఆయన రెండుసార్లు చేయించాడు. తర్వాత పిల్లలందర్నీ పిలిచాడు.

"జూడుండ్రి. ఈమె బలం పెడ్తలేదు. ఏడ ఇరుగుతదో ముందు జూస్తున్నది, ఆడనే ఇరుస్తున్నది. మీరేమో ఉత్తగ చేతులు ఊపుతరు. ఎదుటోడు ఏడ ఖాళీగున్నడో జూసి గొట్టాలె. సమజైందా?"

పిల్లలు చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగంతా ఆయన వైపే. అల్లం మా అమ్మది, అరెకరం మాది, నాలుగు రోజులు వెనక నిలబడింది నేను. ఆయన రెండు నిమిషాల్లో అందులోంచి దెబ్బ తీసి ఆమె చేతిలో పెట్టాడు. క్లాసయ్యాక నా దగ్గరికొచ్చి "మంచిగ నేర్పినవ్ అన్నా" అని భుజం తట్టాడు కూడా. ఆ తట్టుడు నేను ఇప్పటికీ మరచిపోలేదు. మంచివాణ్ని చూసి కుళ్లుకోవడం ఎంత నరకమో కుళ్లుకున్నవాడికే తెలుస్తుంది. చెడ్డవాడైతే తిట్టుకోవచ్చు.

ఆ తర్వాత ఆమెకు పసుపు బెల్టు పరీక్ష జరిగింది. పాసైంది. పేరు పిలవగానే ముందు సార్ వైపు చూసింది. ఆయన తలూపాడు. ఆ తర్వాతే వెతుక్కుని నా వైపు తిరిగింది. నేను ఫోను పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాను. నాకు కావలసింది ఏమిటో ఆ రోజు స్పష్టంగా తెలిసింది. బెల్టులు కాదు, కప్పులు కాదు. ఒక్కసారి, ఆయన కూడా ఉన్నచోట, గెలిచిన క్షణంలో నా కూతురు ముందు నా వైపు చూడాలి. అంతే. పెద్ద కోరికేమీ కాదు కదా అని నాలో నేనే వాదించుకునేవాణ్ని. ఒక ఆదివారం చర్చిలో పాస్టరు గారు అసూయ మీద ప్రసంగం చేస్తుంటే ఎవరి గురించి చెబుతున్నారా అని చుట్టూ చూశాను. నా భార్య నన్నే చూస్తోంది.

కోరిక తీరే దారి కనబడక నా నోరు పాడైంది. అన్నం దగ్గర ఆయన మాట వస్తే చాలు, ఏదో ఒకటి అనేవాణ్ని. "మోటర్లు సుట్టెటోనికి కరాటే ఎవరు నేర్పిన్రో" అని ఒకరోజు. "గా ఎత్తుతోని ఎవర్ని గొడ్తడు" అని ఇంకోరోజు. మా అమ్మాయి తలవంచుకుని తిని, కంచం కడుక్కుని లేచిపోయేది. కొన్నాళ్లకు నా ముందు క్లాసు ముచ్చట చెప్పడం మానేసింది. వంటింట్లో వాళ్లమ్మకు చెప్పేది, నేను గుమ్మం దగ్గరికి వస్తే ఆపేసేది.

"గిట్లనే జేస్తె నీతోని మాట్లాడుడే బంద్ జేస్తది" అంది నా భార్య. "ఆయన నీ పిల్లను గుంజుకుంటలేడు. నువ్వే దూరం కొడ్తున్నవ్."

నిజమని తెలుసు. తెలిసినంత మాత్రాన కుళ్లు తగ్గదు.

పోటీలు సంగారెడ్డిలో పెట్టారు. ఆదివారం పొద్దున్నే సార్, తొమ్మిది మంది పిల్లలు, తల్లిదండ్రులం కొందరం బస్సెక్కి పోయాం. పెద్ద హాలు, నేల మీద పక్కపక్కనే రెండు మ్యాట్లు, చెవులు పగిలిపోయే మైకు. ఆడే పిల్ల వెనక మ్యాటు మూలన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. అందులో ఆ పిల్ల తరఫున ఒక్కరే, మెడలో కార్డు వేసుకుని కూర్చోవాలి. మామూలుగా నేర్పిన సారే కూర్చుంటాడు. మా అమ్మాయి రెండు ఆటలు గెలిచింది. రెండుసార్లూ ఆయన కుర్చీలో ఉన్నాడు, నేను తాడు అవతల నా భార్య పక్కన నీళ్ల సీసాతో నిలబడ్డాను. రెండుసార్లూ గెలవగానే ఆమె కుర్చీ వైపు తిరిగింది. సహజమే, కుర్చీ అక్కడే ఉంది కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఫైనల్‌కు వచ్చేసరికి చిక్కొచ్చింది. అదే సమయానికి రెండో మ్యాటు మీద సార్ దగ్గర నేర్చుకునే ఇంకో అమ్మాయి ఆట పడింది. ఆ పిల్ల తల్లిదండ్రులు రాలేదు. మా అమ్మాయికి ఎదురుపడింది హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్ల, మా పిల్ల కంటే జానెడు పొడుగు, వెనక ట్రాక్‌సూట్లు వేసుకున్న ఇద్దరు కోచ్‌లు. సార్ మా అమ్మాయి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నేను గా పిల్ల దగ్గర ఉండాలె బిడ్డా. నీ కుర్చీల ఎవరు కూసోవాలె? బ్రౌన్ బెల్ట్ అక్కను పంపియ్యనా?"

ఆమె తన కాలి వేళ్లవైపు చూసుకుంది. "డాడీ కూసుంటడు" అంది.

నేను సరిగ్గా విన్నానో లేదో అనుకున్నాను. సార్ లేచి తన మెడలో కార్డు తీసి నా మెడలో వేశాడు. "ఏం జెప్పకు అన్నా. ఆమెకు అన్నీ వస్తయ్. జర ఆమెనే జూసుకుంట ఉండు, గంతే."

కూర్చున్నాను. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎదురుగా నా కూతురు, తలకు హెల్మెట్, చేతులకు గ్లవుజులు, పొడుగు పిల్ల ముందు ఇంకా చిన్నగా కనబడుతోంది. ఆట మొత్తం నిమిషంన్నర. మొదలైన కాసేపటికే మావైపు ఒక పాయింటు పోయింది. కొంచెం సేపటికి మా అమ్మాయి ఒకటి తెచ్చుకుని సమానం చేసింది. ఈసారి గెలిస్తే తిరిగేది నా వైపే. కుర్చీలో ఉన్నది నేనే. ఆయన ఇక్కడ లేడు.

లేడు కదా? ఒకసారి రెండో మ్యాటు వైపు చూశాను. ఆయన వీపు కనబడింది. హమ్మయ్య అనుకుని ఇటు తిరిగాను. మళ్లీ ఎందుకో అటు చూడాలనిపించింది. ఈసారి ఆయన తల ఇటు తిరిగి ఉంది. అక్కడి పిల్ల కాలి ప్యాడ్ ఊడిపోయి ఆట ఆగినట్టుంది, ఆ సందులో కుర్చీని పక్కకు జరుపుకుని మా మ్యాటునే చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. నీ పిల్ల అక్కడుంటే ఇటెందుకు చూస్తావు? ఈ ఒక్కటి కూడా నాకు వదలవా? నేను ఆయన వైపే గుడ్లురిమి చూస్తున్నాను. ఆయనకు నేను కనబడనే లేదు. చూస్తుండగానే ఆయన కుర్చీలోంచి సగం లేచాడు, పిడికిలి బిగుసుకుంది, నోరు తెరుచుకుంది. అంతలో ముఖమంతా నవ్వు పరుచుకుంది. హాలు ఒక్కసారిగా అరిచింది.

నా కూతురు గెలిచిందని నాకు ఆయన ముఖం చూస్తే తెలిసింది.

నేను తల తిప్పేసరికి రిఫరీ చెయ్యి మా వైపు లేచి ఉంది. పొడుగు పిల్ల నేల మీద కూర్చుని గ్లవుజులు విప్పుతోంది. మా అమ్మాయి వంగి దండాలన్నీ పెట్టి, హెల్మెట్ తీసి, చెమట కారుతూ నా దగ్గరికి వచ్చింది. వచ్చీ రాగానే అడిగింది.

"డాడీ, సార్ జూసిండా?"

నేను కూర్చున్న కుర్చీ ముందు నిలబడి, నా మెడలో కార్డు వేలాడుతుంటే, ఆ మాట. ఆలోచించకుండానే నోరు కదిలింది.

"లేదు బిడ్డా. సారు అటు మొకం వెట్టుకోని ఉండె. నేను జూసిన."

ఆమె ముఖం వాడిపోతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే వాడిపోతే చూడాలనే అన్నాను. కానీ ఆమె రెండు చేతులతో నా మోకాళ్లు పట్టుకుంది. కళ్లు ఇంతింత చేసింది.

"నువ్వు జూసినవా? నిజంగ? ఎట్ల పడ్డది జెప్పు డాడీ! లాస్టుది! నాకైతె ఏం సమజ్ కాలే, కండ్లు మూసుకున్నట్టె అయింది. జెప్పు, ఎట్ల గొట్టిన?"

వెనక మైకులో తర్వాతి జంటను పిలుస్తున్నారు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"కాలు" అన్నాను. "మస్తు లేషింది కాలు."

ఆమె నా ముఖంలోకి చూసింది. మోకాళ్ల మీది చేతులు ఎప్పుడు తీసేసిందో గమనించలేదు.

"చెయ్యి, డాడీ" అంది.

నా చేతిలో సీసా తీసుకుని నీళ్లు తాగి, మూత పెట్టి మళ్లీ నా చేతికే ఇచ్చింది. ఇంతలో రెండో మ్యాటు ఆట ముగించుకుని సార్ దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. రావడం రావడమే ఆమె ఎలా వెనక్కి జరిగిందో, ఆ పిల్ల ముందుకు రాగానే పక్కకు తప్పుకుని కుడిచెయ్యి ఎలా విసిరిందో తన ఒంటితో ఆడి చూపించాడు. "మొత్తం జూసిన బిడ్డా! శభాష్!" అన్నాడు. ఆమె వింటూ వింటూ ఒక్కసారి నా వైపు తిరిగింది. సార్ చూడలేదని నేను చెప్పిన సంగతి ఆయనతో అనలేదు. నేను కార్డు మెడలోంచి తీసి ఆయనకు ఇచ్చేశాను.

సాయంత్రం తిరుగు బస్సులో ముందు సీట్లన్నీ పిల్లలవే. కప్పు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోతోంది, మా అమ్మాయి మధ్యలో కూర్చుని నవ్వుతోంది. నా భార్య తాడు అవతల నిలబడి తీసిన వీడియోను వాళ్ల తమ్ముడికి పంపుదామని ఫోను తెరిచింది. "ఇగో, నువ్వు గూడ ఉన్నవ్, జూడు" అంటూ నాకిచ్చింది.

చూశాను. చెయ్యే. సార్ ఆడి చూపించినట్టే ఉంది, ఇంకా చక్కగా ఉంది. అంత దగ్గర నుంచి దాన్ని చూడగలిగిన చోటు ఆ హాల్లో ఒక్కటే ఉంది, అందులో నేను కూర్చున్నాను. హాలు అరుస్తుంది, రిఫరీ చెయ్యి లేస్తుంది. ఆ క్షణంలో నా కూతురు గిర్రున వెనక్కి తిరుగుతుంది. రెండో మ్యాటు వైపు కాదు. కుర్చీ వైపు. నా వైపు. రొమ్ము ఎగిసిపడుతుండగా, పళ్లకు పెట్టుకున్న తొడుగు కనబడేంతగా నవ్వుతూ నిలబడుతుంది. కుర్చీలో ఒక మనిషి, మెడలో కార్డు, తల పూర్తిగా పక్కకు తిప్పుకుని ఉన్నాడు.

మళ్లీ వెనక్కి జరిపి చూశాను. మూడోసారి కూడా చూశాను. ఆమె తొందరపడలేదు. రిఫరీ పిలుస్తున్నా కదలకుండా, నేను తిరుగుతానని ఆగింది. నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. నేను అంత తదేకంగా ఏం చూస్తున్నానో తెలుసుకోవాలని, చివరికి తను కూడా అటు తల తిప్పింది.

అక్కడ సార్ ఉన్నాడు.